48 ఏళ్ల వయసులో ర్యాప్: కిల్లర్ మైక్ ‘మైఖేల్’ ఆల్బమ్ మీద ప్రసంగం

అమెరికాలో అట్లాంటా పక్కనున్న ఆల్ఫరెట్టాలో ఒక ఆదివారం సాయంత్రం తెలుగు శ్రోతల ముందు చేసిన ప్రసంగం ఇది. రాలేకపోయిన వాళ్ల కోసం రికార్డింగు విని టైపు చేశాం. తడబాట్లు తప్ప ఏమీ తీసేయలేదు.

అందరికీ నమస్కారం. రేపు ఆఫీసు, పిల్లల హోంవర్కు, ఇన్ని పెట్టుకుని కూడా వచ్చారు. చాలా సంతోషం. వెనక వరసకి వినపడుతోందా? వినపడకపోతే చెయ్యెత్తండి, గట్టిగా మాట్లాడతాను.

ర్యాప్ గురించి మాట్లాడతానని చెప్పగానే కొంతమంది పెద్దవాళ్లు నన్ను అడిగారు. ‘ర్యాపా? అవి బూతులు కదా, తుపాకులు, మత్తుమందులు, డబ్బు, ఇవే కదా?’ అని. న్యాయమైన ప్రశ్న. దాచి లాభం లేదు, ఇవాళ నేను చెప్పబోయే ఆల్బమ్‌లో బూతులున్నాయి. మత్తుమందులున్నాయి. డబ్బు గురించి గొప్పలు కూడా ఉన్నాయి. అయితే అవన్నీ చూసి, చేసి, దాటి వచ్చిన మనిషి, యాభైకి దగ్గరపడ్డాక వెనక్కి తిరిగి ‘నేనేం చేశాను?’ అని తనని తాను అడుగుతున్నాడు. అలా అడిగే పాటలు మనకెన్ని దొరుకుతాయి? ఏ భాషలోనైనా సరే, ఎన్ని దొరుకుతాయి?

ఆల్బమ్ పేరు ‘మైఖేల్’. పాడినవాడు కిల్లర్ మైక్. 2023 జూన్ 16న వచ్చింది. 14 పాటలు. మన ఊరి వాడు. మన ఊరు అంటే అట్లాంటా. అవునండీ, మన ఊరే. ఇక్కడ ఇళ్లు కొనుక్కున్నాం, పిల్లల్ని ఇక్కడి బళ్లలో వేశాం, గుళ్లు కట్టుకున్నాం. మన ఊరు కాకపోతే ఎవరి ఊరు?

ముందు వయసు సంగతి చూద్దాం, ఎందుకంటే ఈ ఆల్బమ్‌కి అదే పునాది. ర్యాప్ పుట్టింది హిప్‌హాప్‌లో. ఆ హిప్‌హాప్ పుట్టినరోజుగా అందరూ చెప్పుకునేది 1973 ఆగస్టు 11, న్యూయార్క్ బ్రాంక్స్‌లో. అంటే ఈ ఆల్బమ్ వచ్చిన ఏడాదే హిప్‌హాప్‌కి యాభై నిండాయి. యాభై ఏళ్ల సంగీతం. కానీ దాన్ని పాడినవాళ్లలో యాభైకి చేరనివాళ్లు ఎంతమంది! టూపాక్ పోయినప్పుడు 25. బిగ్గీకి 24. టెక్సస్ పింప్ సీకి 33. మన పక్కనే గ్విన్నెట్ కౌంటీలో పెరిగిన మీగోస్ జట్టు కుర్రాడు టేకాఫ్ 2022 నవంబరులో హ్యూస్టన్‌లో తుపాకీ గుండుకి పోయాడు. 28 ఏళ్లు. మీ ఇంట్లో పిల్లలు ఆ రోజు బాధపడి ఉంటారు, అడిగి చూడండి.

మరి ఆ వయసులో పోకుండా మిగిలినవాళ్లు ఏం పాడాలి? పాతికేళ్లప్పుడు పాడిన మాటలే నలభై ఎనిమిదికీ పాడాలా? ఇది చాలామందికి జవాబు దొరకని ప్రశ్న. ఆండ్రే 3000 పేరు విన్నారా? అవుట్‌కాస్ట్ అనే ర్యాప్ జట్టు ఆండ్రే. ఈ ఊరు కన్న అతి గొప్ప ర్యాపర్లలో ఒకడు. 2023 నవంబరులో ఆయన చాలా ఏళ్ల తర్వాత ఒక ఆల్బమ్ తెచ్చాడు. అందులో ఒక్క ర్యాప్ ముక్క లేదు. అంతా వేణువే. ఎందుకయ్యా అని అడిగితే, నాకు 48 ఏళ్లు, ఈ వయసులో దేని గురించి ర్యాప్ చెయ్యమంటారు, కొలనోస్కోపీకి వెళ్లాలని పాడనా, కళ్లు మసకబారుతున్నాయని పాడనా అన్నాడు. నిజాయతీ ఉన్న మాట. నాకు ఆ మాటంటే గౌరవం.

కానీ చూడండి, ఆండ్రే 1975 మేలో పుట్టాడు. కిల్లర్ మైక్ 1975 ఏప్రిల్‌లో పుట్టాడు. ఒకే ఊరి వాళ్లు, ఒకే జట్టు నుంచి వచ్చినవాళ్లు, నెల రోజుల తేడా. ఒకాయన ఈ వయసులో చెప్పడానికి ఏమీ లేదని వేణువు పట్టుకున్నాడు. ఇంకొకాయన ఈ వయసుకే చెప్పగలనని మైకు పట్టుకున్నాడు. అక్కడితో అయిపోలేదు. మైక్ ఆల్బమ్‌లో అందరూ మెచ్చుకున్న పాట ‘సైంటిస్ట్స్ అండ్ ఇంజినీర్స్’. అందులో ఒక చరణం ఆండ్రేదే! తన ఆల్బమ్‌కి ర్యాప్ రాలేదన్న మనిషి స్నేహితుడి పాటకి వచ్చి ఊపిరి తిప్పుకోకుండా చెప్పి వెళ్లాడు. నాకెంతో ఇష్టమైన చరణం అది.

సరే, ఇప్పుడు ఊరి సంగతి. మనలో చాలామంది కమింగ్‌లో, జాన్స్ క్రీక్‌లో, ఆల్ఫరెట్టాలో ఉంటాం. 400 హైవే మీద దక్షిణానికి దిగండి. 285 తగులుతుంది, 285 లెక్కలో అది 27వ ఎగ్జిట్. అక్కడ పడమటికి తిరిగి రింగ్ రోడ్డు పట్టుకుని పోతూ ఉండండి. ఎగ్జిట్ నంబర్లు తగ్గుతూ వస్తాయి. 20 దగ్గర 75 వస్తుంది, 10 దగ్గర ఐ-20 వస్తుంది. ఆ తర్వాత 9. మార్టిన్ లూథర్ కింగ్ డ్రైవ్, ఎడమ్స్‌విల్. కిల్లర్ మైక్ పెరిగింది అక్కడ. ఆల్బమ్‌లో ఒక పాట పేరే ‘ఎగ్జిట్ 9’. ఎయిర్‌పోర్టుకి ఆ దారిన ఎన్నిసార్లు పోయి ఉంటాం? ఎన్నిసార్లు ఆ ఎగ్జిట్ దగ్గర దిగాం? చేతులెత్తమని అడగను.

ఆ పక్కనే కాలియర్ హైట్స్ అని ఒక పేట ఉంది. 1950లలో నల్లవాళ్లు తమ డబ్బుతో, తమ బిల్డర్లతో, తమ కోసం కట్టుకున్న పేట. డాక్టర్లు, టీచర్లు, వ్యాపారస్థులు ఇళ్లు కట్టుకున్నారు. 2009లో దాన్ని దేశపు చారిత్రక స్థలాల జాబితాలో చేర్చారు. తెల్లవాళ్ల పేటల్లో ఇల్లు కొననివ్వని రోజుల్లో కట్టుకున్న గౌరవం అది.

ఇటువైపు సంగతి కూడా చెప్పాలి. ఇది వినడానికి కష్టంగా ఉంటుంది, కానీ చెప్పకపోతే తప్పవుతుంది. మనం ఇంత ఇష్టంగా ఉంటున్న ఫోర్సైత్ కౌంటీ నుంచి 1912లో నల్లవాళ్లందరినీ తరిమేశారు. దాదాపు 1,100 మంది. కమింగ్ ఊరి నడుమ ఒక మనిషిని జైల్లోంచి లాగి చంపారు, ఇద్దరు కుర్రాళ్లని ఉరి తీశారు, రాత్రిళ్లు ఇళ్ల మీద పడి మిగిలినవాళ్లని వెళ్లగొట్టారు. పొలాలు పోయాయి, చర్చిలు తగలబడ్డాయి. ఆ తర్వాత డెబ్బై ఏళ్లకు పైగా అక్కడ నల్లవాళ్లు లేరు. 1987 జనవరిలో నల్లవాళ్ల హక్కుల కోసం ఒక చిన్న ఊరేగింపు వస్తే రాళ్లు వేశారు. వారం తర్వాత దాదాపు 20,000 మంది వచ్చి నడిచారు. 1987 అంటే నిన్న మొన్న. అప్పటికి మైక్‌కి 11 ఏళ్లు. ఈ పాటల వెనక ఉన్న ‘దక్షిణాది’ ఏమిటో తెలియాలంటే ఇది తెలియాలి. మనం నిలబడ్డ నేల కథ ఇది.

మైక్ అసలు పేరు మైఖేల్ రెండర్. వాళ్లమ్మకి అతను టీనేజ్‌లోనే పుట్టాడు. అమ్మమ్మ, తాత పెంచారు. నాన్న పోలీసు. అమ్మ పూల కొట్టు మనిషి. అమ్మమ్మ చర్చి మనిషి, బైబిలు మనిషి. ఇది గుర్తుపెట్టుకోండి, ఎందుకంటే ఆల్బమ్ మొత్తం ఆవిడ వింటున్నట్టే నడుస్తుంది. తాత పేరునే పాట పేరుగా పెట్టి 2012లో ఒక పాట చేశాడు. ఇక 1980లు. క్రాక్ కొకైన్ వచ్చి నల్లవాళ్ల పేటల్ని ఊడ్చేసిన కాలం. ఈ కుర్రాడు టీనేజ్‌లోనే ఆ సరుకు అమ్మాడు. తన నోటితోనే చెప్తాడు, అమ్మానని. పోలీసు కొడుకు, చర్చికి పోయే అమ్మమ్మ మనవడు, సందు చివర సరుకు అమ్మేవాడు. ముగ్గురూ ఒకడే.

తర్వాత మోర్‌హౌస్ కాలేజీ. మార్టిన్ లూథర్ కింగ్ చదివిన కాలేజీ. అక్కడ పూర్తి చెయ్యలేదు. అవుట్‌కాస్ట్ బిగ్ బాయ్‌తో పరిచయమైంది, అక్కణ్ణుంచి సంగీతం.

అవుట్‌కాస్ట్ ఎవరో కుర్రాళ్లకి చెప్పక్కర్లేదు, పెద్దవాళ్ల కోసం రెండు ముక్కలు. అప్పట్లో ర్యాప్ అంటే న్యూయార్క్, లేకపోతే లాస్ ఏంజిలిస్. దక్షిణాదివాళ్లంటే యాస వాళ్లు, పల్లెటూరి వాళ్లు, వీళ్లకేం తెలుసు అనే చిన్నచూపు. యాసని బట్టి మనిషిని తక్కువ చెయ్యడం మనకి తెలియని సంగతా? 1995 ఆగస్టులో న్యూయార్క్‌లో సోర్స్ అనే ర్యాప్ పత్రిక అవార్డుల సభ. కొత్త జట్టుగా అవుట్‌కాస్ట్‌కి అవార్డు ఇస్తే సభంతా ఎగతాళిగా అరిచింది. అప్పుడు ఇరవై ఏళ్ల ఆండ్రే మైకు దగ్గరికి వచ్చి, దక్షిణాదికి చెప్పాల్సింది ఉంది అన్నాడు. అంతే. ఒక్క వాక్యం. ఆ తర్వాత ఇరవై, ముప్పై ఏళ్లు అమెరికా ర్యాప్‌ని అట్లాంటాయే నడిపింది.

ఆ జట్టు 2000లో తెచ్చిన ‘స్టాంకోనియా’ ఆల్బమ్‌లో కిల్లర్ మైక్ గొంతు మొదటిసారి వినపడింది. వాళ్లతో కలిసి పాడిన ‘ద హోల్ వరల్డ్’ పాటకి 2003లో గ్రామీ వచ్చింది. అదే ఏడాది సొంత ఆల్బమ్ ‘మాన్‌స్టర్’ వచ్చింది. ఇక దారి పడిపోయింది అనుకుంటాం కదా? పడలేదు. పెద్ద కంపెనీలతో కుదరలేదు. సొంతంగా చేసుకున్నాడు, మంగలి షాపులు పెట్టుకున్నాడు, చిన్నగా నడుపుకున్నాడు. 2011లో న్యూయార్క్ సంగీతకారుడు ఎల్-పీ కలిశాడు. ఇద్దరూ కలిసి 2013 నుంచి ‘రన్ ద జ్యూయెల్స్’ అని నాలుగు ఆల్బమ్‌లు చేశారు. ప్రపంచమంతా తిరిగారు. అది కోపం సంగీతం, ఊపేసే సంగీతం. నాకిష్టమే. కానీ అందులో మైక్ సగమే కనిపిస్తాడు. ప్రపంచం మీద కోపం ఉన్న సగం. తన మీద తనకున్న లెక్క తేలని సగం కనపడదు.

2017లో అమ్మ పోయింది. అమ్మమ్మ అంతకు ముందే పోయింది. 2012 నాటి సొంత ఆల్బమ్ తర్వాత మళ్లీ 11 ఏళ్లకి ఇంకొకటి చేస్తే దానికి ‘మైఖేల్’ అని పేరు పెట్టాడు. ఇంట్లోవాళ్లు పిలిచే పేరు. అట్ట మీద చిన్నప్పటి ఫొటో. పసివాడి తల మీద కొమ్ములూ గీశారు, దేవదూతలకుండే వెలుగు చక్రమూ గీశారు. ఒకే తల మీద రెండూ. ఆల్బమ్‌లో ఏముందో అట్ట చూస్తే చాలు.

ఇప్పుడు సంగీతం. ఈ ఆల్బమ్ వెనక నిలబడి నడిపించిన ప్రొడ్యూసర్ నో ఐడీ. ర్యాప్‌లో ప్రొడ్యూసర్ అంటే డబ్బు పెట్టేవాడు కాదు, సంగీతం కట్టేవాడు. షికాగో మనిషి. ర్యాపర్ కాన్యే వెస్ట్‌కి గురువు లాంటివాడు. 2017లో జే-జీ తన కాపురం గురించి, తను చేసిన తప్పుల గురించి చెప్పుకున్న ‘4:44’ ఆల్బమ్‌కి సంగీతం ఈయనే. అప్పుడు జే-జీకి 47. అంటే వయసు మీద పడిన ర్యాపర్ చేత నిజం మాట్లాడించడం ఈయనకి తెలుసు. ఆ నేర్పు ఇక్కడ ఇంకా లోతుకి పోయింది.

ఇందులో చర్చి ఉంది. నల్లవాళ్ల చర్చి. చర్చిలో వాయించే ఆర్గన్, కలిసి పాడే క్వాయర్, గాస్పెల్ అనే భక్తి పాటల గొంతులు. ఈ సంగీతానికి జార్జియా పుట్టిల్లు. గాస్పెల్‌కి తండ్రి అనే థామస్ డోర్సీ 1899లో విల్లా రికాలో పుట్టాడు. ఐ-20 మీద పడమటికి పోతే వస్తుంది, ఇక్కణ్ణుంచి గంటంపావు ప్రయాణం. రే చార్ల్స్ జార్జియాలో పుట్టాడు. ఓటిస్ రెడ్డింగ్ జార్జియాలో పుట్టాడు. జేమ్స్ బ్రౌన్ ఆగస్టాలో పెరిగాడు. దేవుడి పాటలో ఉన్న ఆర్తిని తీసుకొచ్చి ప్రేమ పాటలో, బతుకు పాటలో పెట్టి సోల్ సంగీతం చేసినవాళ్లు వీళ్లు. ఈ ఆల్బమ్ మొదటి పాట ‘డౌన్ బై లా’లో పాడే సీలో గ్రీన్ కూడా పాస్టర్ల ఇంటి బిడ్డే. తల్లీ తండ్రీ ఇద్దరూ పాస్టర్లు. అందుకే ఆ గొంతు లేవగానే చర్చి తలుపు తెరిచినట్టు ఉంటుంది.

ఒక విషయం గమనించండి. ఈ పాటల్లో మైక్ మాట్లాడుతుంటే వెనక క్వాయర్ ఊరికే అందం కోసం పాడదు. బుర్రకథలో కథకుడు చెప్తుంటే వంతలు ‘తందాన’ అంటూనే మధ్యలో ‘ఆ తర్వాత ఏమైంది?’ అని నిలదీస్తారు చూడండి, అలా నిలదీస్తుంది. ర్యాపర్ ఒంటరిగా మాట్లాడితే తనని తాను హీరో చేసుకోవడం తేలిక. చుట్టూ చర్చి కూర్చుని వింటుంటే అంత తేలిక కాదు. అబద్ధం చెప్తే అమ్మమ్మకి తెలిసిపోతుంది. ఈ ఆల్బమ్‌లో సోల్ సంగీతం చేసే పని ఇదే అని నా నమ్మకం. మెత్తదనం కోసం కాదు, సాక్ష్యం కోసం వచ్చింది.

రెండు మూడు పాటలు విప్పి చెప్తాను. అన్నీ చెప్పను, టైమ్ లేదు.

‘స్లమ్మర్’ అని ఒక పాట. అట్లాంటా జట్టు జాగ్డ్ ఎడ్జ్ కోరస్ పాడింది. తొంభైల చివర్లో ప్రేమ పాటలకి పేరుమోసిన వాళ్లు. వింటే తియ్యగా, వేసవి సెలవుల ప్రేమ పాటలా ఉంటుంది. టీనేజ్ కుర్రాడు, టీనేజ్ అమ్మాయి. ప్రేమ. ఆ అమ్మాయికి కడుపు. ఆ కడుపు నిలవలేదు, తీయించుకోవాల్సి వచ్చింది. పాట అక్కడికి వచ్చేసరికి కూడా సంగీతం తియ్యగానే ఉంటుంది. అదే గుండెని పిండుతుంది. పెద్దవాడైన మనిషి ఆ అమ్మాయిని తలుచుకుంటున్నాడు. ఆమెని తప్పు పట్టడు. తనని గొప్ప చేసుకోడు. అప్పుడు తనకేమీ తెలియదని, బరువు ఎక్కువ మోసింది ఆమేనని తెలిసినవాడి గొంతు అది. ర్యాప్‌లో అమ్మాయిల గురించి ఎన్ని వేల పాటలు! ఇలాంటివి ఎన్ని? ఆడపిల్లలున్న తల్లిదండ్రులు, మగపిల్లలున్న తల్లిదండ్రులు, ఇద్దరూ వినాల్సిన పాట ఇది. మగపిల్లలున్నవాళ్లు ముందు వినాలి అంటాను నేను.

‘సమ్‌థింగ్ ఫర్ జంకీస్’ ఇంకొకటి. పేరులోనే ఉంది, మత్తుకి బానిసలైనవాళ్ల కోసం. సరుకు అమ్మి డబ్బు చేసుకున్న కథలు ర్యాప్‌లో కొల్లలు. కొన్నవాళ్ల కథలు? వాళ్లు ఎప్పుడూ పేరులేని నీడలే. వాళ్లని చూసి నవ్వుతారు, అసహ్యించుకుంటారు. ఇక్కడ అమ్మినవాడు కొన్నవాళ్ల వైపు తిరిగి కూర్చున్నాడు. వాళ్లూ ఎవరో ఒకరి ఇంటివాళ్లే, చుట్టాలే అని ఒప్పుకుంటున్నాడు. అమ్మినవాడి నోటి నుంచి ఆ మాట రావడానికి ఎంత వయసు రావాలి! పాతికేళ్లకి రాదు. ముప్పైకి రాదు. మళ్లీ చెప్తున్నాను, ఈ ఆల్బమ్‌కి 48 ఏళ్లు కావాల్సి వచ్చింది.

ఇక ‘మదర్‌లెస్’. ఇది మీరు విని తీరాలి. ఎరిన్ అలెన్ కేన్ అనే గాయని పాడుతుంది, ఆ గొంతులో ఏడుపు లేదు, ఏడుపు అయిపోయిన తర్వాత మిగిలేది ఉంది. మైక్ మాటలు చాలా తేలికైనవి. మా అమ్మ చచ్చిపోయింది, మా అమ్మమ్మ చచ్చిపోయింది. ఇంతే. ‘స్వర్గస్థురాలైంది’, ‘కాలం చేసింది’ లాంటి మాట ఒక్కటి వాడడు. చచ్చిపోయింది అంటాడు. మనం మన అమ్మ గురించి ఆ మాట పైకి అనగలమా? గట్టిగా, నలుగురి ముందు? ర్యాప్‌లో మాటకారితనం పెద్ద ఆస్తి. మైక్‌కి కావలసినంత ఉంది, మిగతా పాటల్లో చూస్తారు. ఈ పాటకి వచ్చేసరికి అదంతా పక్కన పెట్టేశాడు. ఆరడుగులు దాటిన మనిషి, ఊళ్లో అందరూ తలెత్తి చూసే మనిషి, పసివాడిలా మాట్లాడుతున్నాడు.

ఇక్కడ ఉన్నవాళ్లలో చాలామందికి ఆ బాధ ఇంకో రకంగా తెలుసు. అర్ధరాత్రి ఫోను మోగితే గుండె ఆగిపోవడం, టికెట్టు దొరికేలోపు అక్కడ అన్నీ అయిపోవడం. నేను దాని గురించి ఎక్కువ మాట్లాడను. పాట వినండి, ఒంటరిగా వినండి.

ముందు వరసలో ఎవరో కళ్లు తుడుచుకుంటున్నారు. ఫర్వాలేదమ్మా. కాసేపు నీళ్లు తాగుదాం.

‘రన్’ గురించి కొంచెం చెప్పి ముందుకి పోతాను. ఇది ఆల్బమ్ కన్నా ముందు, 2022 జులై 4న వచ్చింది. అమెరికా స్వాతంత్ర్య దినం నాడు, పరిగెత్తు అనే పాట. మొదట్లో హాస్యనటుడు డేవ్ చాపెల్ మాటలుంటాయి, తర్వాత అట్లాంటా ర్యాపర్ యంగ్ థగ్ చరణం ఉంటుంది. ఆ పాట విడుదలయ్యే రోజుకి యంగ్ థగ్ ఇక్కడి ఫుల్టన్ కౌంటీ గ్యాంగు కేసులో జైల్లో ఉన్నాడు. ఆ కేసులో ప్రాసిక్యూటర్లు అతని పాటల మాటల్నే సాక్ష్యంగా పెట్టారు. నవల రాసినవాడిని హంతకుడు అంటామా? సినిమాలో విలన్ వేసినవాడిని అరెస్టు చేస్తామా? మరి ర్యాపర్ పాటని ఒప్పుకోలుగా ఎందుకు చదువుతారు? ఈ ప్రశ్నని మైక్ చాలా ఏళ్లుగా అడుగుతున్నాడు. ఒక ప్రొఫెసరుతో కలిసి పత్రికల్లో వ్యాసాలు రాశాడు. 2019లో ఇలాంటి ఒక కేసులో సుప్రీంకోర్టుకి మిగతా ర్యాపర్లతో కలిసి విన్నపం ఇచ్చాడు. అందుకే ఆ చరణం అక్కడ ఉండడం స్నేహం ఒక్కటే కాదు, ఆయన ఏళ్ల తరబడి చేస్తున్న వాదన కూడా.

ఇందాక నుంచి పొగుడుతున్నాను. ఆల్బమ్ అంతా ఒకే ఎత్తులో ఉందా? లేదు. మధ్యలో కొన్ని పాటలు నాకు నచ్చవు. తన డబ్బు గురించి, తన స్థలాల గురించి, తనని విమర్శించినవాళ్ల గురించి మాట్లాడేటప్పుడు గొంతు మళ్లీ పాత గొంతు అయిపోతుంది. మైక్ రాజకీయాల మీద విమర్శలున్నాయి, అవి గాలి మాటలు కావు. 2016లో అధ్యక్ష పదవికి దిగిన వామపక్ష నాయకుడు బెర్నీ శాండర్స్ కోసం తిరిగిన మనిషి, 2018లో తుపాకుల హక్కుల సంఘం ఎన్ఆర్ఏ టీవీకి ఇంటర్వ్యూ ఇచ్చాడు. అది నల్లపిల్లలు, తెల్లపిల్లలు కలిసి తుపాకుల మీద నిరసన చేస్తున్న సమయంలో బయటికి వచ్చింది, ఆయన క్షమాపణ చెప్పాడు. రిపబ్లికన్ గవర్నరుని కలిశాడు. 2020లో పోలీసుల చేతిలో జార్జ్ ఫ్లాయిడ్ అనే నల్లమనిషి చనిపోయాక అట్లాంటాలో మంటలు లేచినప్పుడు, మేయరు పక్కన నిలబడి కన్నీళ్లతో, మన ఇంటిని మనమే తగలబెట్టుకోవద్దు, కూర్చుని ప్లాను వేసుకుందాం అన్నాడు. కొందరికి అది తండ్రి మాటలా వినపడింది, కొందరికి పెద్దల పక్షం మాటలా వినపడింది. నాకు ఆ ప్రసంగం నచ్చింది. కానీ ఆల్బమ్‌లో ఆ విమర్శకులకి చెప్పిన జవాబు మాత్రం నచ్చలేదు. తల్లి గురించి అంత విప్పి చెప్పినవాడు, ఇక్కడ మాత్రం మూసేసుకుని తిట్టాడు. తన మీద ఉన్న అనుమానాన్ని కూడా అదే చర్చిలో అదే గొంతుతో విప్పి ఉంటే ఈ ఆల్బమ్ ఇంకో మెట్టు పైన ఉండేది.

చివరి రెండు పాటల్లో మళ్లీ నిలబడతాడు. ‘డోంట్ లెట్ ద డెవిల్’లో ఎల్-పీ వస్తాడు, పాత స్నేహితుడు. ‘హై అండ్ హోలీ’లో ఆర్గన్, కోరస్, మళ్లీ చర్చి. ఈ ఆల్బమ్‌ని వరసగా వినమని చెప్పేది అందుకే. పాటలు అటూ ఇటూ మార్చి వింటే ‘మదర్‌లెస్’ తర్వాత ఈ రెండూ ఎందుకు వచ్చాయో అర్థం కాదు.

అవార్డుల సంగతి మీకు తెలిసే ఉంటుంది. 2024 ఫిబ్రవరి 4న లాస్ ఏంజిలిస్‌లో మూడు గ్రామీలు. ఉత్తమ ర్యాప్ ఆల్బమ్ ఒకటి. ‘సైంటిస్ట్స్ అండ్ ఇంజినీర్స్’కి రెండు. ఆల్బమ్ పోటీలో ఎవరున్నారు? డ్రేక్, 21 సావేజ్ కలిసి చేసింది ఉంది. ట్రావిస్ స్కాట్ ఉన్నాడు, మెట్రో బూమిన్ ఉన్నాడు, నాస్ ఉన్నాడు. అమ్మకాల లెక్కన చూస్తే మైక్ వాళ్ల దరిదాపుల్లో లేడు. మొదటి గ్రామీకి, దీనికి మధ్య 21 ఏళ్లు. ఆ మధ్యలో ఒక్కటీ లేదు. 21 ఏళ్లు, అంటే ఇక్కడ పుట్టిన మన పిల్లలు కాలేజీలో చేరి ముగించేంత కాలం.

వేదిక మీద ఆయన మాట్లాడింది నాకు ఆల్బమ్‌తో సమానం. ఇరవైల్లో సరుకు అమ్మడం గొప్ప అనుకున్నాను, నలభైల్లో చేసిన పనుల పశ్చాత్తాపంతో బతకడం మొదలైంది, నలభై అయిదుకి దాని గురించి ర్యాప్ చెయ్యడం మొదలుపెట్టాను, నలభై ఎనిమిదికి ఆ పనుల పట్ల సానుభూతి నిండిన మనిషిగా నిలబడ్డాను అన్నాడు. ఇది నా మాటల్లో చెప్తున్నాను, భావం అది. వయసు దాచుకునే రంగంలో వయసుని ఇలా లెక్కపెట్టి చెప్పాడు.

అదే రోజు అదే భవనంలో సెక్యూరిటీ వాళ్లతో ఏదో గొడవ అయి, చేతులకి బేడీలు వేసి తీసుకెళ్లారు. గంటల్లో వదిలేశారు, తర్వాత ఆయన మీద కేసు నడవలేదు. కానీ మూడు బహుమతులు తీసుకున్న మనిషి చేతులు వెనక్కి కట్టి నడుస్తున్న ఆ వీడియో ప్రపంచమంతా చూసింది. చాలామంది అట్లాంటా వాళ్లకి ఆ రాత్రి కోపం వచ్చింది. నాకూ వచ్చింది.

తర్వాత 2024 ఆగస్టులో మైటీ మిడ్‌నైట్ రివైవల్ అనే తన క్వాయర్‌తో కలిసి ‘సాంగ్స్ ఫర్ సిన్నర్స్ అండ్ సెయింట్స్’ తెచ్చాడు. పాపుల కోసం, పుణ్యాత్ముల కోసం పాటలు. ‘మైఖేల్’ నచ్చినవాళ్లు అది కూడా వినండి. కచేరీల్లో ఆ క్వాయర్ ఆయన పక్కనే నిలబడుతుంది. కుదిరితే ఇక్కడ ఊళ్లో జరిగినప్పుడు వెళ్లండి. మన పిల్లలు ఒంటరిగా వెళ్లేబదులు మీరు తోడు వెళ్లండి.

వినే పద్ధతి అడిగారు కొందరు. ర్యాప్ అలవాటు లేనివాళ్లు ‘మదర్‌లెస్’తో మొదలుపెట్టండి, తర్వాత ‘స్లమ్మర్’. మాటలు అందవు, యాస వేరు, వేగం వేరు. పర్లేదు, ఫోన్లో లిరిక్స్ తెరిచి చూస్తూ వినండి, రెండోసారికి అందుతాయి. కార్లో చిన్నపిల్లలుంటే పెట్టకండి, బూతులున్నాయని ముందే చెప్పాను. హైస్కూల్ పిల్లలుంటే మాత్రం వాళ్లతో కలిసి వినండి. మీకంటే వాళ్లకే ఎక్కువ తెలిసి ఉంటుంది, వాళ్లని అడిగి చెప్పించుకోండి. ర్యాప్ బాగా అలవాటున్నవాళ్లు మొదటి పాట నుంచి చివరి దాకా ఆపకుండా, షఫుల్ పెట్టకుండా వినండి.

నా టైమ్ అయిపోయింది, నిర్వాహకులు చెయ్యి చూపిస్తున్నారు. ‘స్లమ్మర్’ గురించి ఆ మూల కూర్చున్న అబ్బాయి ఇందాకే చెయ్యెత్తాడు, నేనే ఆపాను. ముందు అతని ప్రశ్న తీసుకుందాం. అడుగు నాయనా.